పోకేమాన్ ఫైర్‌రెడ్ సమీక్ష: బరిలోకి దిగిన ప్రాణికే దక్కే అనుభవం

గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం 2004లో వచ్చిన పోకేమాన్ ఫైర్‌రెడ్‌ను నేను మొదటినుంచి చివరివరకు రెండుసార్లు ఆడాను, ఇప్పుడు మూడోసారి ఆడుతున్నాను. ఈసారి పక్కన ఒక రూళ్ల నోటుపుస్తకం పెట్టుకొని, ఏ ప్రాణి ఏ పోరులో ఎన్ని అనుభవ పాయింట్లు సంపాదించిందో, ఏ లెవెల్ దాటడానికి దానికి ఎన్ని కావలసివచ్చాయో రాసుకుంటూ వస్తున్నాను. ఈ ఆట బొమ్మల అందం గురించీ, సంగీతం గురించీ, కథ గురించీ నాకంటే బాగా చెప్పగలిగినవారు చాలామంది ఉన్నారు. నేను దీని వెన్నెముకను, అంటే ప్రాణులు అనుభవం గడించి లెవెల్ పెరిగే పద్ధతిని పట్టుకొని సమీక్షిస్తాను. మనం ఈ ఆటలో గడిపే గంటల్లో అత్యధిక భాగం ఆ పనికే పోతుంది కనుక, ఆ పద్ధతి నచ్చినవారికి ఆట నచ్చుతుంది. నచ్చనివారికి మిగతా హంగులు ఎన్ని ఉన్నా ఆట సగంలోనే ఆగిపోతుంది.

ఈ ఆటతో పరిచయం లేనివారికి రెండు మాటలు చెప్పాలి. 1996లో జపాన్‌లో విడుదలైన రెడ్, గ్రీన్ అనే తొలి జంట ఆటలను గేమ్ ఫ్రీక్ సంస్థ కొత్తగా తీర్చిదిద్ది ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ అనే పేర్లతో తిరిగి తెచ్చింది. కాంటో అనే ప్రాంతంలో ఒక పల్లెనుంచి బయలుదేరిన మన పాత్రకు ప్రొఫెసర్ ఓక్ మూడు ప్రాణుల్లో ఒకదాన్ని ఇస్తాడు. అది 5వ లెవెల్‌లో ఉంటుంది. దానితో మొదలుపెట్టి, అడవుల్లో, గుహల్లో, నీళ్లలో దొరికే ప్రాణులను పట్టుకొని, ఒకేసారి ఆరింటికి మించకుండా జట్టు కట్టి, జిమ్‌లు అనే ఎనిమిది పోరుశాలల నాయకులను గెలిచి, చివరికి ఎలైట్ ఫోర్ అనే నలుగురినీ, ఆ తరువాత ఛాంపియన్‌నూ ఓడించాలి. ఏ ప్రాణి అయినా చేరగల గరిష్ఠ లెవెల్ 100.

అనుభవ పాయింట్ల లెక్క ఈ ఆటలో ఆశ్చర్యపడేంత సరళంగా ఉంది. ఓడిపోయిన ప్రాణి జాతికి ఒక స్థిర విలువ ఉంటుంది. దాన్ని ఆ ప్రాణి లెవెల్‌తో హెచ్చవేసి 7తో భాగిస్తే గెలిచినవారికి దక్కే పాయింట్లు వస్తాయి. పిడ్జీ అనే చిన్న పక్షి విలువ 55. కనుక 3వ లెవెల్ పిడ్జీని ఓడిస్తే, భిన్నం వదిలేయగా, 23 పాయింట్లు వస్తాయి. ఆ ప్రాణి వేరొక ట్రైనర్‌ది, అంటే మనలాగే ప్రాణులను పెంచి పోరాడించేవారిది అయితే దానికి ఒకటిన్నర రెట్లు. గెలిచిన ప్రాణి మనం పట్టుకున్నది కాక ఇంకొకరినుంచి మార్పిడిలో వచ్చినదైతే మళ్లీ ఒకటిన్నర రెట్లు. ఇక లెవెల్ వైపు చూస్తే, ప్రొఫెసర్ ఇచ్చే మూడింటిలో ఒకటైన చార్మాండర్ 5వ లెవెల్‌లో 135 పాయింట్లతో మన చేతికి వస్తుంది. 6వ లెవెల్‌కు 179 ఉండాలి. అంటే మొదటి గడ్డిలో రెండు పిడ్జీలను ఓడిస్తే చాలు, లెవెల్ పెరిగిన ఆ చిన్న సంగీతం మోగుతుంది. తెర అడుగున ఉన్న నీలిరంగు గీత నిండి మళ్లీ ఖాళీ అవుతుంది. దాడి, రక్షణ, వేగం వంటి శక్తుల్లో ఏది ఎంత పెరిగిందో ముందు ప్లస్ గుర్తుతో చూపించి, తరువాత మొత్తం చూపిస్తుంది. ఆడటం మొదలైన పదినిమిషాల్లోపే శ్రమకూ ఫలితానికీ ఉన్న సంబంధాన్ని ఒక్క మాటైనా చెప్పకుండా చేతికి అందించే ఈ ఆరంభం నాకు ఎన్నిసార్లు చూసినా చక్కగానే అనిపిస్తుంది. ఆ నీలి గీత 1996 నాటి మూల ఆటల్లో లేదు. 1999 నాటి గోల్డ్, సిల్వర్‌లలో వచ్చింది. అది లేని రోజుల్లో తరువాతి లెవెల్‌కు ఎంత దూరం ఉందో తెలియాలంటే ప్రతిసారీ వివరాల పేజీ తెరవవలసివచ్చేది.

అయితే ఈ సులువు ఎక్కువసేపు నిలవదు. లెవెల్‌కు కావలసిన మొత్తం పాయింట్లు ఆ లెవెల్ సంఖ్య ఘనాన్ని అనుసరించి పెరుగుతాయి. బడిలో నేర్చుకున్న ఘనాలు గుర్తున్నవారికి ఈ బరువు వెంటనే అర్థమవుతుంది: పది ఘనం వెయ్యి, ఇరవై ఘనం ఎనిమిది వేలు, వంద ఘనం పది లక్షలు. పికాచూ, క్యాటర్‌పీ, జుబాట్ వంటివి సరిగ్గా ఈ ఘనం లెక్కలోనే నడుస్తాయి, 100వ లెవెల్‌కు వాటికి 10,00,000 పాయింట్లు కావాలి. క్లెఫెయిరీ, జిగ్లీపఫ్, చాన్సీ వంటి తొందరగా ఎదిగే వర్గానికి 8,00,000 చాలు. గ్రోలిత్, స్నార్లాక్స్, డ్రటీనీ వంటి నిదాన వర్గానికి 12,50,000 కావాలి. ప్రొఫెసర్ ఇచ్చే మూడు ప్రాణులూ నాలుగో వర్గానికి చెందినవి. వాటికి మొత్తం 10,59,860 అవసరమైనా, ఆ వర్గపు సూత్రం తొలి లెవెళ్లలో చాలా ఉదారంగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ బిగుస్తుంది. కొత్త ఆటగాడి చేతిలో ఉండే మొదటి ప్రాణిని ఆ వర్గంలోనే పెట్టడం తయారీదారుల దూరదృష్టి అని నేను నమ్ముతున్నాను. చార్మాండర్ 16వ లెవెల్‌లో చార్మీలియన్‌గా మారడానికి మొత్తం 2,535 పాయింట్లు సరిపోతాయి. అది 36వ లెవెల్‌లో చారిజార్డ్‌గా మారాలంటే 40,007 ఉండాలి. ఇంకా విచిత్రం ఏమిటంటే, అదే ప్రాణి 80వ లెవెల్‌కు చేరినప్పుడు దాని ఖాతాలో 5,26,260 పాయింట్లు ఉంటాయి, అంటే నూరుకు చేరే ప్రయాణంలో సగం కూడా పూర్తికాలేదన్నమాట. తెరమీద 80 అన్న అంకె చూసి గమ్యం దగ్గరపడిందనుకునేవారిని నా నోటుపుస్తకంలోని ఈ వరుస చాలాసార్లు ఆశ్చర్యపరిచింది.

ఈ సూత్రానికి ఒక చిన్న చరిత్ర కూడా ఉంది. నాలుగో వర్గపు సూత్రంలో లెవెల్ స్థానంలో ఒకటి వేస్తే జవాబు సున్నాకన్నా తక్కువ వస్తుంది. 1996 నాటి ఆట రుణసంఖ్యను గుర్తించలేక దాన్ని బ్రహ్మాండమైన పెద్ద సంఖ్యగా చదివేది. అందువల్ల ఆ వర్గపు 1వ లెవెల్ ప్రాణికి కొద్ది పాయింట్లు మాత్రమే వస్తే అది ఒక్కసారిగా 100వ లెవెల్‌కు ఎగిరేది. మామూలుగా ఆడేవారికి 1వ లెవెల్ ప్రాణి ఎదురయ్యేది కాదు కాబట్టి ఆ లోపం ఎక్కువమందికి తగల్లేదు. ఫైర్‌రెడ్‌లో అది లేదు.

ఇప్పుడు నేను ఈ ఆటను ఎందుకు ఇంతగా ఇష్టపడతానో చెప్పాలి. ఫైర్‌రెడ్‌లో అనుభవం, పోరులో నిలబడిన ప్రాణికే వస్తుంది. జట్టులో ఆరు ప్రాణులు ఉన్నా, బరిలోకి దిగినవి రెండే అయితే పాయింట్లు ఆ రెండింటికే సమానంగా పంచుతారు. దిగి స్పృహ తప్పి పడిపోయినదానికి ఏమీ రాదు. సంచిలో కూర్చున్న నాలుగింటికీ ఏమీ రాదు. మా అక్క కొడుకు ఏడో తరగతి చదువుతున్నాడు, వాడికి 2019లో వచ్చిన పోకేమాన్ స్వోర్డ్ అలవాటు. ఆ ఆటలో ఎవరు పోరాడినా జట్టంతటికీ పాయింట్లు అందుతాయి, ఆ ఏర్పాటును ఆపే అవకాశమే లేదు. వాడు నా పక్కన కూర్చొని ఫైర్‌రెడ్ చూస్తూ, "మామయ్యా, మిగతావాటికి పాయింట్లు ఎందుకు రాలేదు?" అని అడిగాడు. "అవి పోరులోకి దిగలేదు కదా నాన్నా" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే దేన్ని దింపాలో ముందే అనుకోవాలా?" అన్నాడు. ఈ ఆట రూపకల్పన గురించి నేను ఇన్ని పేజీలు రాసినా ఇంతకంటే సూటిగా చెప్పలేను. ప్రతి పోరూ ఒక కేటాయింపు. ఒకదానికి ఇచ్చిన 300 పాయింట్లు మరొకదానికి ఇవ్వనివే. ఇష్టమైన ప్రాణిని ఒక్కదాన్నే పెంచుకుంటూ పోతే మిగతా ఐదూ వెనకబడి, దానికి ఎదురునిలిచే రకం శత్రువు తగిలిన రోజు జట్టు మొత్తం కుప్పకూలుతుంది. అందరికీ సమానంగా పంచుకుంటూ పోతే ఏ ఒక్కటీ జిమ్ నాయకుడిని తట్టుకోలేదు. ఈ రెంటి మధ్య ఎవరి దారి వారు వెతుక్కోవాలి, ఆ దారిలోనే ఒకరి జట్టు మరొకరి జట్టులా లేకుండా పోతుంది.

దీనికి మాజికార్ప్‌ను మించిన ఉదాహరణ లేదు. మూన్ పర్వతం ముందున్న పోకేమాన్ సెంటర్‌లో ఒక మనిషి మనకు ఈ చేపను 500కు అమ్ముతాడు. అది 5వ లెవెల్‌లో ఉంటుంది. దానికి తెలిసిన ఒకే విద్య నీళ్లలో ఎగిరిపడటం. దానివల్ల ఎదుటి ప్రాణికి గీత కూడా పడదు. కొట్టడం నేర్చుకునేది 15వ లెవెల్‌లో. అది నిదాన వర్గానికి చెందినది కనుక 5వ లెవెల్‌లో దాని ఖాతాలో 156 పాయింట్లు, 15వ లెవెల్‌కు 4,218, గైరడోస్‌గా మారే 20వ లెవెల్‌కు 10,000 ఉండాలి. కొట్టలేని ప్రాణికి ఈ 9,844 పాయింట్లు ఎలా తేవాలి? పోరు మొదలవగానే దాన్ని ముందు నిలబెట్టి, వెంటనే వెనక్కి పిలిచి, చార్మాండర్‌ను దింపి గెలిపించాలి. రెండూ బరిలోకి వచ్చినట్టే లెక్క కాబట్టి పాయింట్లు చెరిసగం. అంటే ఒక చేపకు 9,844 దక్కాలంటే 19,688 పాయింట్ల విలువైన పోరాటాలు నేను గెలవాలి, ఆ రెండో సగం చార్మాండర్‌కు పోతుంది, ప్రతి పోరులోనూ మార్చే వేళ శత్రువు కొట్టే ఒక దెబ్బను చార్మాండర్ ఊరికే భరించాలి. మూన్ పర్వతపు గుహలో 8వ లెవెల్ జుబాట్‌ను ఓడిస్తే వచ్చేది 61. అందులో చేప వాటా 30. నేను ఈ లెక్క వేసుకున్న తరువాత కూడా ఆ చేపను వదల్లేదు. సెరూలియన్ నగరం చుట్టుపక్కల ట్రైనర్లందరితోనూ దాన్నే ముందు పెట్టి పోరాడాను. 20వ లెవెల్ సంగీతం మోగి తెర తెల్లబడినప్పుడు, సుమారు 12 ఉన్న దాడి శక్తి 58 దగ్గరికి వచ్చింది. దాడి శక్తికి ఆట ఆ జాతులకు పెట్టిన మూల విలువలు మాజికార్ప్‌కు 10, గైరడోస్‌కు 125. కథలో ఏ పాత్రా నన్ను మెచ్చుకోలేదు, ఏ పతకమూ ఇవ్వలేదు. అయినా ఆ రాత్రి నాకు కలిగిన సంతృప్తి ఆ తరువాత ఛాంపియన్‌ను గెలిచినప్పుడు కూడా కలగలేదు.

అదే చేపను వేరే దారిలో కూడా పెంచవచ్చు. సెరూలియన్‌కు దక్షిణంగా 5వ రహదారి పక్కన డే కేర్ ఉంది. అక్కడ ఒక ప్రాణిని వదిలితే మనం నడిచిన ప్రతి అడుగుకూ దానికి ఒక పాయింటు వస్తుంది. 9,844 అడుగులు నడిస్తే చేప 20వ లెవెల్‌కు వస్తుంది, తిరిగి తీసుకునేటప్పుడు వంద రూకలూ, పెరిగిన ప్రతి లెవెల్‌కు ఇంకో వందా కలిపి 1,600 కట్టాలి. కానీ డే కేర్‌లో ఉండగా ఏ ప్రాణీ రూపం మారదు. బయటికి వచ్చాక మరో లెవెల్ పెరిగినప్పుడే మారుతుంది. పైగా నాలుగు విద్యలూ నిండిన ప్రాణికి అక్కడ కొత్త విద్య వస్తే మనల్ని అడగకుండా పాతవాటిలో మొదటిదాన్ని చెరిపేస్తుంది. మంచి విద్యలు నేర్చిన ప్రాణిని నేను అక్కడ ఎప్పుడూ వదలను. రేర్ క్యాండీ అనే మిఠాయి తినిపించినా ఒక లెవెల్ పెరుగుతుంది. అవి దారిలో కొన్నే దొరుకుతాయి, పై లెవెళ్ల కోసం దాచుకోవడమే తెలివి.

మిఠాయితో పెరిగిన ప్రాణికీ, పోరాడి పెరిగిన ప్రాణికీ తేడా ఉంటుందన్న సంగతి ఆట ఎక్కడా సూటిగా చెప్పదు. ఈ పద్ధతిలో అన్నిటికన్నా లోతైన పొర ఇదే. ప్రతి శత్రు జాతీ, అనుభవ పాయింట్లతో పాటు కంటికి కనిపించని శ్రమ పాయింట్లను కూడా ఇస్తుంది. పిడ్జీ, రటాటా, జుబాట్ వేగానికి ఒక్కొక్కటి ఇస్తాయి. మచాప్ దాడికి ఇస్తుంది. జియోడ్యూడ్ రక్షణకు ఇస్తుంది. ఒక ప్రాణి తన జీవితకాలంలో మొత్తం 510 మాత్రమే పోగుచేసుకోగలదు, ఒక్కో శక్తికి పనికొచ్చే గరిష్ఠం 252. 100వ లెవెల్‌లో నాలుగు శ్రమ పాయింట్లు ఒక శక్తి పాయింటుతో సమానం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. 50వ లెవెల్‌లో ఉన్న రెండు చారిజార్డ్‌లను తీసుకుందాం, రెండింటి పుట్టుక విలువా (పుట్టుకతోనే ఒక్కో శక్తికి వచ్చే, తరువాత మారని అంకె) గరిష్ఠమైన 31 అనుకుందాం. వేగానికి ఏ శ్రమా పెట్టనిదాని వేగం 120 ఉంటే, 252 పెట్టినదాని వేగం 152 ఉంటుంది. ముందు కొట్టేదెవరో వేగమే నిర్ణయించే ఆటలో ముప్పై రెండు పాయింట్లంటే గెలుపోటముల తేడా. 1996 నాటి ఆటల్లో ఇలాంటి శ్రమకు మొత్తంమీద హద్దు ఉండేది కాదు. ఓపిక ఉన్నవారు అన్ని శక్తులనూ నిండుగా నింపేవారు. 2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటలు 510 అనే హద్దు పెట్టాయి, అదే ఏర్పాటు ఫైర్‌రెడ్‌లోకి వచ్చింది. హద్దు పెట్టడంవల్ల ఎంపిక పుట్టింది: వేగమా, దాడా, ప్రాణశక్తా? అనుభవ పాయింట్లు పాల్గొన్నవాటి మధ్య చీలిపోతాయి గానీ శ్రమ పాయింట్లు చీలవు, ప్రతి ఒక్కదానికీ పూర్తిగా అందుతాయి. కనుక మాజికార్ప్‌ను ముందు నిలిపి వెనక్కి తీసుకున్న ఆ సాయంత్రాల్లో, అనుభవంలో సగమే దక్కినా, జుబాట్ల వేగమంతా దాని ఒంటబట్టింది.

ఇంత మంచి ఏర్పాటును తెరమీద ఒక్క అంకెగానైనా చూపించకపోవడం ఈ ఆటలో నాకు నచ్చని మొదటి విషయం. ప్రాణి స్వభావం కూడా అంతే. ఇరవై అయిదు స్వభావాల్లో ఇరవై, ఒక శక్తిని పది శాతం పెంచి మరొకదాన్ని పది శాతం తగ్గిస్తాయి; వివరాల పేజీలో ఆ స్వభావం పేరు ఉంటుంది, ఏది పెరిగిందో ఏది తగ్గిందో మాత్రం ఉండదు. భుజం బొత్తాం నొక్కితే తెరుచుకునే సహాయ పేజీలు ఈ ఆటలో చాలా ఓపికగా రాసినవి, పోరు సగంలో ఉన్నా చదువుకోవచ్చు. అలాంటి పేజీలు రాసినవారు ఈ విషయాన్ని కూడా నాలుగు వాక్యాల్లో వివరించి ఉంటే ఎంతమందికి మేలు జరిగేదో. నేను మొదటిసారి ఆడినప్పుడు చార్మాండర్‌తో కనిపించినదాన్నల్లా ఓడించి, దాని 510 పాయింట్లనూ గాలికి చల్లిన గింజల్లా ఆరు శక్తులకూ చెదరగొట్టానని చాలా కాలానికి తెలిసింది.

రూపం మారే విషయంలో ఆట మన నిర్ణయాన్ని గౌరవిస్తుంది. క్యాటర్‌పీ 7వ లెవెల్‌లో మెటాపాడ్‌గా, 10వ లెవెల్‌లో బటర్‌ఫ్రీగా మారుతుంది. వెయ్యి పాయింట్లకే పూర్తి రూపం వస్తుంది కాబట్టి విరిడియన్ అడవిలో పట్టుకున్న పురుగు తొలి జిమ్ నాటికి జట్టులో పెద్దదిక్కుగా నిలుస్తుంది. పికాచూ లెక్క వేరు. దానికి సెలడాన్ దుకాణంలో 2,100కు దొరికే మెరుపు రాయి ఇస్తే ఏ లెవెల్‌లోనైనా రైచూ అవుతుంది, కానీ ఆ తరువాత లెవెల్ పెరిగినా కొత్త విద్యలు రావు. పికాచూగానే 26వ లెవెల్ వరకు ఉంచితే థండర్‌బోల్ట్ నేర్చుకుంటుంది. తొందరపడి రాయి ఇచ్చేయడమా, బలహీన రూపంలోనే ఇంకొంత కాలం పోరాడించడమా అన్నది మనకే వదిలేశారు. లెవెల్‌తో మారేవాటిని కూడా మారే క్షణంలో బి బొత్తాం నొక్కి ఆపవచ్చు. అయితే కడాబ్రా, మచోక్, గ్రావెలర్, హాంటర్ అనే నాలుగు మాత్రం ఎంత అనుభవం గడించినా వాటంతటవి చివరి రూపానికి రావు. ఇంకొకరి ఆటలోకి మార్పిడి చేయాలి. స్నేహితులతో కలిసి ఆడమని ప్రోత్సహించడం మంచి ఉద్దేశమే, కానీ ఈ రోజుల్లో రెండో యంత్రం, రెండో కార్ట్రిడ్జ్, వాటిని కలిపే కేబుల్ లేదా ఆటతోపాటు ఇచ్చిన వైర్‌లెస్ అడాప్టర్ల జత దొరకడం గగనం. నా కడాబ్రా కడాబ్రాగానే ఉంది.

ఇక నా ప్రధాన ఫిర్యాదు. ఎనిమిదో జిమ్ నాయకుడు జియోవానీ వరకు లెవెళ్లు ఒక క్రమంలో పెరుగుతాయి: తొలి జిమ్‌లో బ్రాక్ దగ్గర 14, రెండో జిమ్‌లో మిస్టీ దగ్గర 21, అలా వెళ్లి జియోవానీ దగ్గర 50. వెంటనే తరువాత ఎలైట్ ఫోర్ తమ ప్రాణులను 51నుంచి 60 వరకు నిలబెడతారు, ఛాంపియన్ చివరి ప్రాణి 63. ఐదు పోరాటాలూ మధ్యలో బయటికి పోకుండా వరుసగా గెలవాలి. ఎలైట్ ఫోర్‌కు ముందుండే విక్టరీ రోడ్ అనే గుహకు చేరేసరికి నా జట్టు 45 దగ్గర ఉంది, దాన్ని 55కు తేవాలనుకున్నాను. చార్మాండర్ వర్గపు ప్రాణి 45నుంచి 55కు చేరాలంటే 76,300 పాయింట్లు కావాలి. ఆ గుహలో 43వ లెవెల్ ఓనిక్స్‌ను ఓడిస్తే దక్కేది 663. అంటే ఒక్కో ప్రాణికి 116 ఓనిక్స్‌లు. ఆరూ అదే వర్గానివైతే 696. ఒక్కో పోరుకు ఒక నిమిషమే వేసుకున్నా పదకొండున్నర గంటలకు పైగా అదే గుహలో అదే బండరాళ్ల పామును కొడుతూ కూర్చోవాలి. ట్రైనర్లను మళ్లీ పోరుకు పిలిచే వీఎస్ సీకర్ అనే పరికరం వెర్మిలియన్ నగరంలో దొరుకుతుంది, నూరు అడుగులు నడిస్తే మళ్లీ పనిచేస్తుంది. ఒకటిన్నర రెట్ల పాయింట్లవల్ల భారం కొంత తగ్గుతుంది. అయినా ఈ ఘట్టంలో ఎంపిక ఉండదు, వ్యూహం ఉండదు, ఉన్నదల్లా ఓర్పే. అంతవరకు అంత జాగ్రత్తగా నడిచిన ఆట ఇక్కడ ఆటగాడి సమయాన్ని తేలిగ్గా తీసుకుందని బాధతోనే రాస్తున్నాను.

పోరులోకి దిగకుండానే పాయింట్లలో సగం తెచ్చిపెట్టే ఎక్స్‌పీ షేర్ అనే వస్తువు ఉంది గానీ, 15వ రహదారిలో ప్రొఫెసర్ సహాయకుడు దాన్ని ఇవ్వడానికి యాభై జాతులు పట్టి చూపమంటాడు. ప్రాణులను సేకరించే అలవాటు లేనివారికి అది చివరిదాకా అందదు. ఆ వస్తువును ఒక ప్రాణి చేతికి ఇస్తాం, ఆ ఒక్కదానికే సగం వస్తుంది. 2013లో వచ్చిన ఎక్స్, వై ఆటల్లో అదే పేరుతో జట్టంతటికీ పంచే యంత్రం పెట్టారు, దాన్ని ఆపుకునే వీలు కూడా ఇచ్చారు. ప్రాణిని పట్టుకున్నా పాయింట్లు వచ్చేలా చేశారు. నా దృష్టిలో ఆ వీలు సరైన మధ్యమార్గం. అంతకుముందే 2010 నాటి బ్లాక్, వైట్ ఆటలు ఇంకో మంచి మార్పు తెచ్చాయి: గెలిచినదాని లెవెల్ ఓడినదానికంటే తక్కువైతే పాయింట్లు ఎక్కువ, ఎక్కువైతే తక్కువ. ఫైర్‌రెడ్‌లో 60వ లెవెల్ చారిజార్డ్ కొట్టినా, 5వ లెవెల్ పిల్లప్రాణి కొట్టినా 3వ లెవెల్ పిడ్జీ ఇచ్చేది 23 పాయింట్లే. వెనకబడిన ప్రాణిని తొందరగా పైకి తేవడానికి బ్లాక్, వైట్‌ల సూత్రం ఎంతో నయం. విక్టరీ రోడ్ దగ్గర నేను పడిన పాట్లలో కొంతైనా దానివల్ల తప్పేవి.

ఇన్ని చెప్పిన తరువాత కూడా, ప్రాణులను పెంచే ఆట ఏదైనా ఒక్కటి చెప్పమంటే నేను ఫైర్‌రెడ్ పేరే చెబుతాను. లెక్క సూటిగా ఉంటుంది, చేతిలో నోటుపుస్తకం ఉంటే ప్రతి అడుగునూ ముందే వేసుకోవచ్చు. రెండో కారణం, ఆపేసి వారం తరువాత తెరిస్తే కిందటిసారి ఏంచేశామో నాలుగు దృశ్యాల్లో గుర్తుచేసి మొదలుపెడుతుంది. ఉద్యోగం చేసుకుంటూ ఆడేవారికి ఇది చాలా ఉపయోగం.

కొనేవారికి ఒక హెచ్చరిక. ఈ కార్ట్రిడ్జ్ ఇప్పుడు ఎక్కువగా వాడినదే దొరుకుతుంది, నకిలీలు విపరీతంగా ఉన్నాయి. నేను మొదట కొన్నది అలాంటిదే. 48వ లెవెల్ గైరడోస్‌తో సహా జట్టంతా ఒక ఉదయం మాయమై, కొత్త ఆట మొదలుపెట్టమని తెర అడిగింది. అమ్మినవారు మళ్లీ మాట్లాడలేదు. అసలు ఫైర్‌రెడ్ కార్ట్రిడ్జ్‌లో ఆటను దాచుకోవడానికి బ్యాటరీతో పనిలేదు, ఫ్లాష్ మెమరీలో నిలుస్తుంది, కాబట్టి పాతదైనా భయపడక్కర్లేదు. అమ్మేవారు లోపల కొత్త బ్యాటరీ వేశామని చెబితే మాత్రం అది అసలుది కాదని గ్రహించాలి. చేతికి రాగానే ఒక పోరు గెలిచి, సేవ్ చేసి, యంత్రం ఆపి, మరునాడు తెరిచి చూడాలి. పాయింట్లు అలాగే ఉంటేనే డబ్బు ఇవ్వడం మంచిది.

ప్రస్తుతం నా మూడో ప్రయాణంలో ఛాంపియన్ పోరు ఇంకా మిగిలి ఉంది. సఫారీ జోన్‌లో పట్టిన డ్రటీనీ, 30వ లెవెల్‌లో 33,750 పాయింట్ల దగ్గర డ్రాగోనెయిర్ అయింది. నిన్న రాత్రి 1,96,830 చేరి 54వ లెవెల్‌కు వచ్చింది. డ్రాగోనైట్ కావడానికి ఇంకా 11,138 కావాలి. ఓనిక్స్‌ల లెక్కన పదిహేడు. ఈ ఆదివారం మా మేనల్లుడు వస్తానన్నాడు, అందుకని చివరి రెండు మూడు పోరాటాలు ఆపి ఉంచాను.